మైనస్ ఒకటిని చూడని చదువు

మన ఇంజనీరింగు కళాశాలలలో కంప్యూటరు శాఖ విద్యార్థి నెట్‌వర్కుల ల్యాబులో వ్రాయవలసిన ప్రోగ్రాములలో 'సి' భాషలోని టి.సి.పి. సర్వరు ఒకటి. సీనియరు రికార్డునుండి జూనియరు రికార్డునకును, అచటినుండి మఱుసటి యేటి జూనియరు రికార్డునకును సంక్రమించుచు అక్షరము పొల్లుపోక నిలిచియున్న ఈ ప్రోగ్రాము పరీక్షనాడు టెర్మినల్ మీదికి ఎక్కును. ఒక విండోలో సర్వరు, ఇంకొక విండోలో క్లయింటు నడచును. క్లయింటు 'హలో' యనగా సర్వరును 'హలో' యని మాఱుపలుకును. పరీక్షకుడు తలయూపి, వైవాలో ఓ.ఎస్.ఐ. నమూనాకు ఎన్ని పొరలని యడిగి, ఏడను సమాధానము విని, మార్కులు వేసి పంపును. ఇందులో ఏ యొక్కరి దోషమును లేదు, ఏర్పాటే అట్టిది. కాని ఆ ప్రోగ్రాము నేర్పదగిన విషయములలో ముఖ్యమైనది ఒక్కటియు ఈ యేర్పాటు వలన విద్యార్థికి అందకపోవుచున్నదనియు, సర్వరు నడచినందులకు ఇచ్చు మార్కులలో సగమైనను అది నడవనప్పుడు విద్యార్థి చెప్పగలిగిన కారణమునకు ఇచ్చుట మేలనియు నా యభిప్రాయము.

ఈ విద్యతో పరిచయము లేని పాఠకులకొఱకు రెండు మాటలు చెప్పవలసియున్నది. వేఱొక యంత్రము పలుకరించువఱకు కాచుకొనియుండి, పలుకరింపగా బదులిచ్చు ప్రోగ్రామును సర్వరందురు. రైలు టిక్కెట్టు కొనునపుడును, బ్యాంకులో నిల్వ చూచుకొనునపుడును, దూరదేశమందలి కుమారునకు ఫోనులో సందేశము పంపునపుడును మన యంత్రము ఇట్టి ప్రోగ్రామునే పలుకరించుచున్నది. దానిని 'సి' భాషలో వ్రాయువాడు ఆపరేటింగు సిస్టమును వరుసగా కొన్ని కోరికలు కోరును. సాకెట్ అను పిలుపుతో సంభాషణకు తన వైపు కొసను సంపాదించును, బైండ్‌తో దానికొక పోర్టు సంఖ్యను తగిలించును, లిజన్‌తో ఆ పోర్టువద్ద చెవియొగ్గును, యాక్సెప్ట్‌తో వచ్చినవారిని ఒక్కొక్కరినే గైకొనును, రీడ్, రైట్‌లతో మాట పుచ్చుకొని మాట యిచ్చును, క్లోజ్‌తో ముగించును. యాభై అఱువది పంక్తులలో ఇదంతయు ఇముడును.

ఈ పిలుపులలో మొదటి నాలుగును 1983 ఆగస్టులో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణమునుండి వెలువడిన 4.2 బి.ఎస్.డి. అను యూనిక్సుతో లోకమునకు వచ్చినవి. అమెరికా రక్షణశాఖవారి పరిశోధన సంస్థయగు డార్పా ధనమిచ్చినది. బిల్ జాయ్ మొదలగువారు పనిచేసిరి. అంతకు తొమ్మిదేండ్లకు పూర్వమే వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను నిరువురు వేర్వేఱు జాతుల నెట్‌వర్కులను కలుపు విధానమును ఒక వ్యాసమున ప్రతిపాదించియుండిరి. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వమున, ఆ విధానమునుండి పుట్టిన టి.సి.పి. నియమములు ఆర్.ఎఫ్.సి. 793 అను పత్రముగా స్థిరపడినవి. 1983 జనవరి 1న, ఇంటర్నెట్టునకు పూర్వరూపమగు ఆర్పానెట్ తన పాత పద్ధతిని విడిచి దీనికి మాఱినది. నాటినుండి నలువది యేండ్లకు పైగా గడచినను లినక్సు యంత్రమున గాని, ఆపిల్‌వారి కంప్యూటరులో గాని, చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను గర్భమున గాని పిలుపులు అవియే, వరుసయు అదియే. హైదరాబాదులోని అమీర్‌పేట సందులలో కోర్సుల బోర్డులు రెండేండ్లకొకమాఱు మాఱిపోవుచుండగా, ఇంతకాలము చెల్లుబడియగుచున్న విద్య యొకటి ప్రతి కళాశాల సిలబసులోను ఉచితముగా పడియున్నదన్నమాట. దానిని కంఠస్థము చేయించి వదలివేయుచున్నాము.

ఈ పిలుపులలో ప్రతిదియు ఒక సంఖ్యను తిరిగి యిచ్చును. కార్యము నెరవేఱినచో సున్నయో, అంతకు పైబడినదో వచ్చును. నెరవేఱనిచో మైనస్ ఒకటి వచ్చును, ఏల నెరవేఱలేదో ఎర్నో అను మఱియొకచోట నమోదై యుండును. అయితే ఆ సంఖ్యను చూచితీరవలెనని 'సి' భాష యెవ్వరిని నిర్బంధింపదు. రికార్డులలోని ప్రోగ్రాములు కాగితము మిగులుననియో, వ్రాత తగ్గుననియో ఆ పరీక్షను విడిచిపెట్టినవి. దీని ఫలితమును ల్యాబులో నిత్యము చూడవచ్చును. విద్యార్థి సర్వరును నడపి, ఏదో సవరింపదలచి కంట్రోల్-సి నొక్కి ఆపి, వెంటనే మరల నడుపును. ఈమాఱు క్లయింటు కలియదు. బైండ్ మైనస్ ఒకటి యిచ్చినది, ఆ చిరునామా యింకను వాడుకలో నున్నదని ఎర్నో చెప్పుచున్నది, అడిగినవాడు లేడు. ప్రోగ్రాము మాత్రము ఆగక తరువాతి పంక్తికి పోయి లిజన్‌ను పిలిచినది. లినక్సు యొక చిత్రమైన యౌదార్యము చూపి, పోర్టు తగులని ఆ సాకెట్టునకు తానే యేదో యొక పోర్టును తగిలించినది. తెరపై 'సర్వరు సిద్ధము' అని పడినది. సర్వరు నిజముగనే సిద్ధముగా నున్నది, ఎవ్వరికిని తెలియని చోట. విద్యార్థి ప్రోగ్రాములో 5000 అని యున్నచోట 5001 అని దిద్దును, పని జరుగును, మఱుసటిమాఱు 5002. సాయంకాలమునకు 5010 దాటిన బాలుడు తెలివిమాలినవాడు కాడు, సంఖ్య మార్చిన చాలునని నేర్పబడినవాడు.

అతడు ఆగి యడిగియున్నచో ఎంతటి విషయము తెలిసెడిదో చూడుడు. సంభాషణను ముందుగా ముగించిన పక్షము వెంటనే పోర్టును విడిచిపెట్టదు. టైమ్-వెయిట్ అను స్థితిలో కొంతకాలము, లినక్సులో 60 సెకండ్లు, నిలిచియుండును. ఏలయన దారిలో ఎక్కడనో చిక్కుకొని ఆలస్యమైన పాత ప్యాకెట్టు, అదే చిరునామాల నడుమ క్రొత్తగా మొదలైన సంభాషణలో వచ్చి పడినయెడల, ఒకనాటి మాట వేఱొకనాటి మాటలో కలిసిపోవును. అట్టి ప్యాకెట్టు నశించువఱకు వేచియుండవలెనని నియమకర్తలు విధించిరి. సర్వరు వ్రాయువాడు ఆ నియమమును ఎఱిగి మరల అదే పోర్టును కోరుచున్నానని తెలుపుటకు ఎస్.ఓ. రీయూజ్‌యాడర్ అను సదుపాయమును బర్కిలీవారు కల్పించిరి. ఒక్క మైనస్ ఒకటి వెనుక ఇంత యున్నది.

మైనస్ ఒకటి కూడ రాని తప్పులు వీనికంటె కఠినమైనవి. పోర్టు సంఖ్య రెండు బైట్లది. మన యిండ్లలోని ఇంటెల్ జాతి ప్రాసెసర్లు చిన్న విలువగల బైటును ముందుంచును. నెట్‌వర్కు నియమము పెద్ద విలువగల బైటును ముందుంచుమనును. ఈ తారుమారును సరిచేయుటకు హెచ్-టు-ఎన్-ఎస్ అను చిన్న ఫంక్షను కలదు. దానిని మఱచి 8080 అని సూటిగా వ్రాసినవాని సర్వరు 36895వ పోర్టుపై కూర్చుండును. రెండు బైట్లను అటునిటు చేసి లెక్కించినవారికి ఆ సంఖ్యయే వచ్చును. ఇచట ఏ పిలుపును విఫలము కాలేదు, కంపైలరును హెచ్చరింపలేదు. 'ఎస్‌ఎస్' అను ఆదేశముతో యంత్రమున ఏయే పోర్టులు వినుచున్నవో జాబితా తెప్పించి, అందులో 8080 లేకుండుటయు, ఎన్నడును కోరని 36895 ఉండుటయు కన్నులార చూచిన విద్యార్థికి బైట్ల వరుసను గూర్చి యింకొకరు పాఠము చెప్పనక్కఱలేదు.

ఇక లిజన్‌లో వ్రాయు 5 అను అంకె సంగతి. దాదాపు ప్రతి రికార్డులోను ఆ అంకెయే యుండును. గైకొనువఱకు వరుసలో నిలుపదగిన సంభాషణలకు నాటి బర్కిలీ యూనిక్సు విధించిన పరిమితి అది. లినక్సులో ఆ గరిష్ఠపరిమితి చాలకాలము 128గా నుండి, 2019లో 4096 అయినది. మన రికార్డులలో 5 కదలలేదు.

అన్నిటికంటె తఱచుగా అపార్థము పొందినది రీడ్. టి.సి.పి. వాగ్దానము చేసినది, పంపిన బైట్లు పంపిన వరుసలో, నష్టము లేక చేరుననుట మాత్రమే. ఒకమాఱు పంపినది ఒకమాఱుగా చేరునని అది ఎన్నడును చెప్పలేదు. కాలువలో మూడు కడవల నీరు కుమ్మరించినవాడు, దిగువ రేవున మూడు కడవలు మూడుగా దొరకునని యెదురుచూడరాదు. అయినను విద్యార్థి ఒక రైట్‌కు ఒక రీడ్ సరిపోవునని నమ్మును, ఒకే యంత్రమున సర్వరును క్లయింటును నడుపుకొని చిన్నచిన్న మాటలు పంపుకొనునంతకాలము ఆ నమ్మకము చెడదు, చెడకుండుటయే ప్రమాదము.

దీనిని చెడగొట్టి చూపుటకు తెలుగుకంటె మంచి సాధనము లేదు. ఆంగ్లాక్షరము ఒక బైటులో ఇముడును. తెలుగు వర్ణచిహ్నము యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు పట్టును. 'తెలుగు' అను మాటలో తకారము, దాని యెత్వము, లకారము, దాని కొమ్ము, గకారము, దాని కొమ్ము, వెరసి ఆఱు చిహ్నములు, 18 బైట్లు. చివర ఎంటరు మీటతో చేరిన బైటు కలిపి 19. సర్వరులో 16 బైట్ల సంచిని పెట్టి, చదివినంత ముద్రించి పంక్తి మార్చునట్లు వ్రాసి, క్లయింటునుండి ఆ మాటను పంపి చూడుడు. మొదటి పంక్తిలో 'తెలుగ' అని వచ్చి దాని ప్రక్క విఱిగిన గుర్తొకటి కనబడును. రెండవ పంక్తి ఆరంభమున మరల విఱిగిన గుర్తులు కనబడును. మూడు బైట్ల కొమ్ములో ఒక బైటు ఇటును రెండు బైట్లు అటును పడినవి. టి.సి.పి. ఏ తప్పును చేయలేదు, యూటీఎఫ్-8యు చేయలేదు. అక్షరమెక్కడ ముగియునో, మాటయెక్కడ ముగియునో తెలిసికొను భారము ప్రోగ్రాము వ్రాసినవానిదని ఆ విఱిగిన గుర్తులు చెప్పుచున్నవి.

సంచి చిన్నదగుట వలన ఇట్లయినదని, 1,024 బైట్లు పెట్టిన సరిపోవునని తెలివైన విద్యార్థి యనును. 1,024ను మూడుచే భాగించిన ఒకటి మిగులును. అంత పెద్ద సంచియున్నను, ఈథర్‌నెట్ మీద ఒక ప్యాకెట్టు సాధారణముగా 1,500 బైట్లకు మించదు, శీర్షికలు పోగా మాటకు మిగులునది 1,460. దానిని మూడుచే భాగించిన రెండు మిగులును. కావున దీర్ఘమైన తెలుగు వ్యాసము ఎక్కడనో యొకచోట అక్షరమధ్యమున తెగియే తీఱును. దీనికి ఉపాయములు రెండు కలవు: ప్రతి సందేశమునకు ముందుగా దాని నిడివిని పంపుట, లేదా ముగింపునకు ఒక గుర్తును ఏర్పఱచుకొని ఆ గుర్తు వచ్చువఱకు కూడబెట్టుచు చదువుట. ఏ యుపాయమైనను రీడ్‌ను ఒకమాఱు కాక, చాలినంత వచ్చువఱకు మరల మరల పిలువవలసియుండును. తెలుగులో సందేశములు పంపుకొను ప్రజలున్న దేశమున, ఈ ప్రయోగమును 'హలో'తో చేయించి ముగించుట నాకు వింతగా తోచును.

రీడ్ ఇచ్చు సంఖ్యలో ఇంకొక సూక్ష్మము కలదు. మైనస్ ఒకటి తప్పునకు గుర్తు; సున్న అవతలివారు ముగించిరనుటకు గుర్తు; తక్కినది వచ్చిన బైట్ల లెక్క. సున్నను గుర్తింపని సర్వరు, క్లయింటు వెడలిపోయిన పిదప, లేనివాని మాట వినుటకై విరామము లేక రీడ్‌ను పిలుచుచు ప్రాసెసరునంతయు తినివేయును. లెక్కను గుర్తింపని సర్వరు మఱియొక విధమున చెడును. మొదట నొక పెద్ద మాట వచ్చి, పిదప నొక చిన్న మాట వచ్చినచో, సంచిలో చిన్న మాట వెనుక పెద్ద మాట తోక మిగిలియుండును. వచ్చిన బైట్లెన్నియో చూడక ముద్రించిన ప్రోగ్రాము ఆ తోకను కూడ బయటపెట్టును. ల్యాబులో ఇది నవ్వులాట. 2014 ఏప్రిల్‌లో ప్రపంచమునంతయు కలవరపెట్టిన హార్ట్‌బ్లీడ్ అను దోషము దీనికి దగ్గరి చుట్టమే: ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను భద్రతా సాఫ్ట్‌వేరు, అవతలివారు పంపినది ఎంతయో చూడక, పంపితిమని వారు చెప్పిన నిడివిని నమ్మి, తన స్మృతిలో ప్రక్కనున్నదానిని 64 కిలోబైట్ల వఱకు వారికి అప్పగించినది. ఆ ప్రక్కనున్నదానిలో పాస్‌వర్డులుండవచ్చును, రహస్యమైన తాళములే యుండవచ్చును.

మిగిలినది బయటపడుట అటుండగా, పట్టనిది లోపలికి వచ్చుట అంతకంటె పాత కథ. 1988 నవంబరు 2వ తేదీ సాయంకాలమున, కార్నెల్ విశ్వవిద్యాలయములో చదువుచున్న రాబర్ట్ టాపన్ మారిస్ అను యువకుడు తన జాడ తెలియకుండుటకై మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. యంత్రమునుండి ఒక ప్రోగ్రామును నెట్‌వర్కులోనికి వదలెను. అది తనంతతాను యంత్రమునుండి యంత్రమునకు ప్రాకునట్టిది. ప్రాకుటకు అది వెదకుకొన్న ద్వారములలో ఒకటి ఫింగర్‌డీ. ఒక యంత్రమున ఎవరు లాగిన్ అయియున్నారని యడిగిన చెప్పుట దాని పని. మన విద్యార్థులు వ్రాయు సర్వరుకంటె దాని స్వభావము వేఱు కాదు. అడుగువాని ప్రశ్నకై అది 512 బైట్ల చోటు పెట్టుకొన్నది. ఆ చోటులోనికి ప్రశ్నను గెట్స్ అను ఫంక్షనుతో చదువుకొన్నది. గెట్స్‌కు చోటు ఎంతయో చెప్పు మార్గమే లేదు. వచ్చినంతయు నింపుకొనుచు పోవుటయే దానికి తెలిసిన పని. మారిస్ ప్రోగ్రాము 512కు మించి పంపినది. మించినది సరిహద్దు దాటి, ఫంక్షను ముగిసినపుడు ఎచటికి మరలవలెనో వ్రాసియున్న స్థానముమీద పడినది. సర్వరు తన దారి విడిచి వచ్చినవాడు చూపిన దారిని నడచినది. కొన్నివేల యంత్రములు, నాటి యింటర్నెట్టులో పదవవంతని అంచనా, ఆ ప్రోగ్రాము ప్రతులతో నిండి స్తంభించిపోయినవి. మారిస్‌కు న్యాయస్థానము మూడేండ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, పదివేల డాలర్లకు పైబడిన జరిమానా విధించినది. తరువాతి కాలమున ఆయన ఎం.ఐ.టి.లోనే ఆచార్యుడయ్యెను. గెట్స్‌ను 'సి' భాష ప్రమాణమునుండి తొలగించుటకు మాత్రము 2011వఱకు పట్టినది. మనవారిలో టర్బో సి పుస్తకములతో చదువు మొదలిడినవారు అప్పటికిని, ఆ పిమ్మటను దానిని ప్రేమతో వాడుచునే యుండిరి.

రైట్‌ను గూర్చియు ఒక మాట. అది ఇన్ని బైట్లు వ్రాసితినని చెప్పినపుడు, ఆ బైట్లు అవతలివారికి చేరినవని యర్థము కాదు. ఆపరేటింగు సిస్టము నడిగర్భమగు కెర్నెల్ పుచ్చుకొన్నదని మాత్రమే యర్థము. అక్కడినుండి అవి ఎట్లు పోవునో, దారి క్రిక్కిరిసినపుడు కెర్నెల్ ఎట్లు తగ్గి పంపునో, ఆ కథ వేఱు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకును, బర్కిలీ విశ్వవిద్యాలయమునకును నడుమ, నాలుగువందల గజముల దూరమున, సెకండుకు 32,000 బిట్ల వేగము 40 బిట్లకు పడిపోగా, వాన్ జాకబ్సన్ కారణము వెదకి, పంపువాడే తన వేగమును అదుపుచేసికొను పద్ధతులను రూపొందించెను. సర్వరు వ్రాయు విద్యార్థికి ఆ పద్ధతులు కనబడవు, కనబడనక్కఱయు లేదు. కాని తన రైట్‌కు బదులుగా వచ్చిన సంఖ్య దేనికి హామీయో, దేనికి కాదో అతడు తెలిసియుండవలయును. డబ్బు బదిలీయైనదని తెరపై చూపు ప్రోగ్రామును రేపు అతడే వ్రాయవచ్చును.

ఈ కాలమున సర్వరును 'సి'లో వ్రాయువారెవరని అడుగువారున్నారు. వారి ప్రశ్న న్యాయమైనది. ఉద్యోగమున చేరిన మొదటినాడే బాలుడు జావాలోనో, పైథాన్‌లోనో సిద్ధముగా నున్న చట్రములను పట్టుకొనును. సాకెట్ అను పిలుపు అతనికంటికి మరల కనబడకపోవచ్చును. పైగా 'సి' అపాయకరమైన భాష. స్మృతిని తానై కాపాడు భాషలకు మాఱుడని అమెరికా జాతీయభద్రతా సంస్థయే 2022 నవంబరులో హితవు చెప్పినది. పైన చెప్పిన రెండు కథలును ఆ హితవునకే సాక్ష్యములు. 'సి'లో క్రొత్త సర్వరు వ్రాసి ప్రజల నెత్తిన పెట్టుమని నేను చెప్పుట లేదు. ఎంజినెక్స్, రెడిస్ మొదలైనవి 'సి'లో వ్రాసినవే యైనను, వానివెనుక ఏండ్లతరబడి సాగిన సవరణలున్నవి. ల్యాబు ప్రోగ్రామునకు ఆ రక్షణ లేదు.

అయితే పైథాన్‌లోనే నేర్పరాదా? కొంత నేర్పవచ్చును, రీడ్ తక్కువ యిచ్చుట, అక్షరము తెగుట, పోర్టు వదలకుండుట అందులోను ఉన్నవి. కాని అచట బైండ్ విఫలమైన తక్షణమే ప్రోగ్రాము ఎఱ్ఱని సందేశముతో ఆగిపోవును. పోర్టు బైట్లను భాషయే సరిచేయును. సంచి హద్దును భాషయే కాయును. ఉద్యోగికి ఇది వరము. విద్యార్థికి మాత్రము ఏ ప్రమాదమునుండి తాను రక్షింపబడుచున్నాడో తెలియదు. 'సి' అతనిని తిట్టదు, ఆపదు; మైనస్ ఒకటిని అతని చేతిలో పెట్టి యూరకుండును. చూచు అలవాటు కలవాడు చూచును. ఆ యలవాటు ఒకమాఱు కలిగిన పిదప అతడు ఏ భాషకు పోయినను విడువదు, ఏలయన పైథాన్ చట్రము క్రింద నడచునదియు తుదకు ఆ యేడు పిలుపులే.

ఇటీవల ఇంకొక ప్రతివాదము వినవచ్చుచున్నది. యాంత్రిక మేధ నడుగగా సర్వరును కొన్ని క్షణములలో వ్రాసి యిచ్చుచున్నది. పలుమాఱులు మైనస్ ఒకటిని పరీక్షించుచు, విద్యార్థులకంటె శుభ్రముగనే వ్రాయుచున్నది. కావున ఈ ప్రయోగమునకు కాలము చెల్లినదని యందురు. నాకు తోచునది దీనికి విరుద్ధము. ప్రోగ్రామును తెచ్చి చూపుటకు మార్కులు వేయు పద్ధతికే కాలము చెల్లినది. సీనియరు రికార్డు చేయుచున్న పనిని యంత్రము మఱింత వేగముగా చేయుచున్నది, అంతే. ప్రోగ్రాము ఎవరు వ్రాసినను, అది తెల్లవాఱుజామున నిలిచిపోయినపుడు ఫోను మ్రోగునది మనుష్యునికే. అప్పుడతడు ఎర్నోలో ఏమున్నదో చూచి యర్థము చేసికొనవలసియుండును.

కావున పరీక్షను ఇట్లు జరుపవచ్చును. విద్యార్థి తన సర్వరును ఎచటినుండి తెచ్చుకొన్నను అభ్యంతరము వలదు, నడపనిండు. పరీక్షకుడు దానిని ఆపి వెంటనే మరల నడుపుమని, ఏమైనదో చెప్పుమనవలయును. క్లయింటును మాట మధ్యలో తెంపివేసి, సర్వరు బ్రదికియున్నదో లేదో చూడవలయును. ముగిసిన సంభాషణలోనికి వ్రాసిన ప్రోగ్రామునకు కెర్నెల్ సిగ్‌పైప్ అను సంకేతమును పంపి చంపునని చాలమందికి ఆనాడే మొదటిమాఱు తెలియును. పదివేల అక్షరముల పంక్తి నొకదానిని, తెలుగు పంక్తి నొకదానిని పంపవలయును. రెండు క్లయింట్లను తెఱచి, మొదటిది మౌనముగా నుండగా రెండవది మాటలాడినచో దాని కేమగునో ముందుగా ఊహించి చెప్పుమని యడుగవలయును. రెండవది కాచుకొనవలసినదే యని చెప్పగలిగినవానికి, ఫోర్క్ చేయుట, త్రెడ్లు పెట్టుట, సెలెక్ట్, ఈపోల్ మొదలగు, ఒకేమాఱు పలువురికి బదులిచ్చు ఉపాయములెందుకు పుట్టినవో సగము చెప్పినట్లే. ప్రోగ్రాము ఈ పరీక్షలలో కూలినను మార్కులు తగ్గింపరాదు. ఏల కూలెనో చెప్పలేనిచో తగ్గింపవలయును.

ఇందుకు సిలబసు మార్చవలసిన పని లేదు, ప్రయోగము అందులో ఉన్నదే. జీసీసీ కంపైలరు ఉచితము, 127.0.0.1 అను స్వీయచిరునామాతో ఒకే కంప్యూటరు సర్వరునకును క్లయింటునకును సరిపోవును. నెట్‌క్యాట్ అను చిన్న ప్రోగ్రాము క్లయింటు వ్రాయు శ్రమను కూడ తప్పించును. మార్చవలసినది 'అవుట్‌పుట్' అని మార్కుల పట్టికలో నున్న నిలువువరుసను. చిక్కంతయు పరీక్షకుని కాలముతో నున్నది. ఒక్కొక్క విద్యార్థికి పది నిమిషములైనను ఎక్కువ పట్టును. ఒక పూటలో ముగియుచున్న బ్యాచి రెండు పూటలకు సాగును. ఆ రెండవ పూటకు బాహ్యపరీక్షకుని భత్యమును విశ్వవిద్యాలయమే భరించునో, కళాశాల భరించునో ముందుగా తేల్చి ఉత్తరువు వెలువరింపనిదే ఏ ప్రిన్సిపాలును ఇందుకు సమ్మతింపడు.